సెవెన్ కారు డైరీ: జారే మ్యాట్‌ని పట్టి ఉంచడానికి పదకొండు వారాలు

జనవరి 12, ఆదివారం

మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లారని, అది కారుకి తుప్పు పట్టిస్తుందని తెలుసు. అయినా మూడు వారాల తర్వాత ఇక్కడ ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఎండ కనబడేసరికి ఆగలేకపోయాను. కారు బయటికి తీసి కెనిల్‌వర్త్ దాకా వెళ్ళి వచ్చాను. మొత్తం పదహారు మైళ్ళు. అందులో ఒక అర మైలు మాత్రం చాలాకాలం గుర్తుంటుంది.

తిరిగి వస్తున్నాను. రౌండబౌట్ దాటాక మూడో గేర్‌లో కొంచెం గట్టిగా తొక్కి కాలు తీసేశాను. మోత తగ్గలేదు. కాలు పెడల్ మీద లేదు, కారు మాత్రం పరుగెడుతూనే ఉంది. భయం కంటే ముందు క్లచ్ తొక్కేశాను. దాంతో ఇంజన్ ఇంకా గోల పెట్టింది. తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పి, ఉన్న ఊపుతోనే కారుని రోడ్డు పక్కన ఖాళీలోకి తెచ్చి ఆపాను. తాళం పూర్తిగా తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆ సంగతి ఆ క్షణంలో ఎలా గుర్తొచ్చిందో నాకే తెలియదు.

దిగి, కారు పక్క అంచు (సిల్) మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. నేరం మ్యాట్‌ది. కాదు, నాదే. సూపర్‌మార్కెట్‌లో కొన్న రబ్బరు మ్యాట్‌ని కత్తెరతో కొలతకి కోసి నేల మీద పడేశానంతే. మడమ ఒత్తిడికి అది కొంచెం కొంచెంగా ముందుకు పాకి, ముందు అంచు పైకి లేచి, గట్టిగా తొక్కిన పెడల్ కింది కొసని పట్టేసుకుంది.

మ్యాట్ తీసి పాసింజర్ సీట్లో కూర్చోబెట్టి ఇంటికి తీసుకొచ్చాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు.

జనవరి 18, శనివారం

కొత్తగా చదివేవాళ్ళ కోసం కారు గురించి రెండు ముక్కలు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కారు పద్ధతిలో ఇంట్లో కట్టుకున్న కారు ఇది. లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ గీసిన ఆ రూపం, 1973లో దాని హక్కులు కాటర్‌హామ్ కంపెనీ వాళ్ళ చేతికి వెళ్ళాక కూడా చావలేదు. వాళ్ళ కారు కొనే స్తోమత లేనివాళ్ళు చదరపు గొట్టాలు వెల్డింగ్ చేసుకుని సొంతంగా కట్టుకుంటున్నారు. నా కారుకి 25 మి.మీ. గొట్టాల చట్రం. ఇంజన్, గేర్‌బాక్సు మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5వి. మిగతా సామాను మూడు నాలుగు కార్లది కాబట్టి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబర్ ప్లేటు ఇచ్చారు. ఇలాంటి కార్లు రోడ్డెక్కే ముందు ఇక్కడ పాసవ్వాల్సిన ఐవీఏ పరీక్ష సెప్టెంబరులో రెండో ప్రయత్నంలో పాసైంది. పరీక్షకి మ్యాట్ లేకుండానే తీసుకెళ్ళాను. మ్యాట్ అనేది ఆ తర్వాత వచ్చిన సోకు.

సెవెన్‌లో కాళ్ళ చోటు ఎంత ఇరుకంటే, మామూలు బూట్లతో బ్రేకు తొక్కబోతే యాక్సిలరేటర్ కూడా కలిసొస్తుంది. నేను అడుగు సన్నగా ఉండే కాన్వాసు బూట్లు వేసుకుంటాను. నేల 1.6 మి.మీ. అల్యూమినియం రేకు. గొట్టాల కింది వైపు నుంచి అంటించి రివిట్లు కొట్టాను. అంటే లోపల్నుంచి చూస్తే గొట్టాలు నేల మీద గట్టులా 25 మి.మీ. ఎత్తున కనబడతాయి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఈ రోజు పనల్లా కొలవడమే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు దాని కొసకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూడటం కుదరదు, అక్కడికి తల పట్టదు. అందుకని వంటింట్లోంచి నిమ్మకాయంత చపాతీ పిండి తెచ్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడల్ కింద పెట్టాను. మా అమ్మాయి సీట్లో కూర్చుని పెడల్‌ని చివరిదాకా నొక్కింది. పిండిని మెల్లగా బయటికి తీసి, నొక్కుకుపోయిన చోట కోసి కొలిచాను. 19 మి.మీ. ఇప్పుడు వెయ్యాలనుకుంటున్న కార్పెట్ మ్యాట్ మందం 9 మి.మీ. అంటే మిగిలేది సెంటీమీటరు. మ్యాట్ అంచు కాస్త లేచిందంటే చాలు, మళ్ళీ అదే కథ.

రాత్రి కూర్చుని 2009 నాటి సంగతులు మళ్ళీ చదివాను. ఆ ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు చనిపోయారు. అందులో ఉన్న రబ్బరు మ్యాట్ ఆ మోడల్‌ది కాదు, వేరే మోడల్‌ది. అది పెడల్‌ని పట్టేసింది. ఆ తర్వాత టయోటా అమెరికాలో దాదాపు 38 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. నన్ను ఆపింది ఆ అంకె కాదు, వాళ్ళు చేసిన రిపేరు. మ్యాట్‌లు మార్చి ఊరుకోలేదు, యాక్సిలరేటర్ పెడల్ కింది భాగాన్ని కోసి పొట్టి చేశారు. ఎంత బిగించినా మ్యాట్ ఏదో ఒక రోజు కదులుతుంది, కదిలినా అందకుండా ఉండాలి అన్న లెక్క.

మన ఊళ్ళలో కంపెనీ మ్యాట్ మీద ఇంకో మ్యాట్, దాని మీద పాత న్యూస్‌పేపరు వేసుకుని తిరుగుతుంటారు. వెళ్ళినప్పుడల్లా బంధువుల కార్లలో చూస్తాను. ఈసారి నోరు తెరిచి చెప్పాలి.

జనవరి 19, ఆదివారం

పెడల్ విప్పి వైస్‌లో బిగించి కింది నుంచి 15 మి.మీ. రంపంతో కోసేశాను. మూలలు ఆకురాయితో గుండ్రంగా రాశాను. నా బూటు కొలతకి ఇంకా సరిపోతోంది. పనిలో పనిగా ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ దగ్గర రెండో స్ప్రింగ్ తగిలించాను. ఇది కేబుల్‌తో నడిచే థ్రాటిల్. ఒక స్ప్రింగ్ తెగినా రెండోది లాగుతుంది. పెడల్ కొంచెం గట్టిపడింది కానీ పర్వాలేదు.

పిండి పరీక్ష మళ్ళీ చేస్తే 33 మి.మీ. వచ్చింది.

జనవరి 25, శనివారం

ఇక మ్యాట్ బిగించే సంగతి. అందరూ మొదట చేసేదే నేనూ చేశాను: వెల్క్రో. వెనక గమ్ ఉండే పట్టీలు తెచ్చి, నేలని స్పిరిట్‌తో తుడిచి నాలుగు చోట్ల అంటించాను. గ్యారేజీలో 4 డిగ్రీలు. గమ్ డబ్బా మీద 15 దాటాలని రాసుంది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి రేకుని వేడి చేశాను. (అడిగే తెచ్చాను.)

ఊరికే చేత్తో లాగి "గట్టిగానే ఉంది" అనుకోవడం నాకు నచ్చదు. ఇక్కడున్న ప్రతి తెలుగు ఇంట్లోనూ ఒక వస్తువు ఉంటుంది: ఊరెళ్ళే ముందు సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటిందా లేదా అని తూచే కొక్కెం. మ్యాట్ ముందు అంచుకి చిన్న బెజ్జం చేసి ఆ కొక్కెం తగిలించాను. నేలకి సమాంతరంగా ముందుకి లాగితే 20 కిలోల దాకా కదల్లేదు. శభాష్ అనుకున్నాను. అదే కొక్కేన్ని మూల దగ్గర తగిలించి పైకి లాగితే 3 కిలోలకే పర్రున ఊడొచ్చింది.

వెల్క్రో స్వభావమే అది. పక్కకి లాగితే వేల కొక్కాలు ఒకేసారి పట్టుకుంటాయి. అంచు నుంచి ఒలిస్తే ఒక్కో వరసే పట్టుకుంటుంది, ఒక్కో వరసే వదిలేస్తుంది. మ్యాట్ ముందుకి జారబోయినప్పుడు మధ్యలో ఉబ్బుతుంది. ఉబ్బితే అంచుని ఒలిచినట్టే. పైగా ఊడొచ్చింది వెల్క్రో వెల్క్రో విడిపోయి కాదు, కింద గమ్మే రేకుని వదిలేసింది. చలికాలంలోనే ఇలా ఉంటే, ఎండాకాలం సీట్ల మధ్య గేర్‌బాక్సుని కప్పే టన్నెల్ పక్కన రేకు కాలిపోతుంటుంది. అప్పుడు గమ్ పాకం అవుతుంది.

ఫిబ్రవరి 1, శనివారం

ఈ రోజంతా దండగ.

స్క్రాప్ యార్డులో మామూలు కార్ల మ్యాట్ క్లిప్పులు దొరికాయి, తిప్పితే లాక్ అయ్యే ప్లాస్టిక్ గుబ్బలు. తెచ్చి చూస్తే అవి కంపెనీ కార్పెట్‌ని, దాని కింద మందపాటి ఫెల్టుని కొరికి పట్టుకునే రకం. నా నేల మీద ఒట్టి రేకు. దేన్ని కొరుకుతాయి?

సరే, రేకుకే రివ్‌నట్లు (బెజ్జంలో రివిట్‌లా బిగుసుకునే నట్లు) వేసి బోల్టులు బిగిద్దామనుకున్నాను. ఎం5 రివ్‌నట్‌కి 7 మి.మీ. బెజ్జం కావాలి. కింద బ్రేకు పైపు, పెట్రోలు పైపు ఎక్కడెక్కడ పోతున్నాయో టార్చి వేసి చూసి, పైన మాస్కింగ్ టేపు మీద గీసుకున్నాను. డ్రిల్ బిట్‌కి కూడా టేపు చుట్టి లోతు గుర్తు పెట్టాను. ఇంత జాగ్రత్తపడి, అసలు తప్పు ఇంకోచోట చేశాను. చేయి కాస్త వణికి బెజ్జం 7 కాస్తా ఏడున్నర అయింది. రివ్‌నట్ బిగుసుకున్నట్టే కనబడింది. బోల్టు రెండోసారి విప్పబోతే నట్టు కూడా దాంతోపాటే తిరిగింది. ఇక అది లోపలికీ పోదు, బయటికీ రాదు. శ్రావణంతో అంచు పట్టుకుని, డ్రిల్‌తో మెల్లగా కొరుక్కుంటూ తీసేసరికి చీకటి పడింది.

నేలలో ఇప్పుడు అనవసరంగా ఒక బెజ్జం. వానాకాలమంటూ వేరే లేని దేశంలో.

ఫిబ్రవరి 2, ఆదివారం

మావయ్యకి ఫోన్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ క్యాబిన్లకి సీట్లు కుట్టాడు, టార్పాలిన్లు కుట్టాడు. రెగ్జిన్, ఫోము, ఐలెట్, టిచ్ బటన్: ఈ నాలుగు మాటలు నేను బడిలో చేరకముందే ఆయన షాపులో నేర్చుకున్నాను. వీడియో కాల్‌లో నేల చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒరేయ్ అల్లుడూ, లారీ మీద పట్టా కట్టేటప్పుడు తాడు ఎక్కడ వేస్తార్రా?"

"కొక్కేలకి."

"కొక్కేలు దేనికుంటాయి? చెక్కకా, ఇనప చట్రానికా?"

అంతే. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అయినా చెప్పాడు. "రేకు బరువు మొయ్యదురా. గొట్టానికి వెయ్యి. ఇంకోటి, మ్యాట్‌ని ముందు పట్టుకోబాకు, వెనక పట్టుకో. అది పోయేది ముందుకే గదా." ఆ తర్వాత సంక్రాంతికి రాలేదేమని తిట్టడం మొదలుపెట్టాడు. అది ఇక్కడ అప్రస్తుతం.

ఆలోచిస్తే నేను నాలుగు మూలలూ సమానంగా బిగించాలని చూస్తున్నాను, టేబుల్ మీద గుడ్డ పరిచినట్టు. మడమ తోసేది ఒకే వైపు. ముందు మూలల్లో ఎన్ని బటన్లు వేసినా, వెనక వదులుగా ఉంటే మ్యాట్ మధ్యలో మడతపడి పెడల్ దగ్గరే గుట్ట అవుతుంది. కంపెనీ కార్లలో కూడా డ్రైవరు మ్యాట్ హుక్కులు ఎక్కువగా సీటు ముందరే ఉంటాయి. పాతికేళ్ళుగా కార్లు నడుపుతున్నాను, ఒక్కసారీ ఎందుకని ఆలోచించలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

సీటు ముందు అంచు కింద ఒక అడ్డ గొట్టం ఉంది. నేల మీద గట్టులా లేచి ఉంటుందని చెప్పాను కదా, అదే. దానికి బెజ్జం వెయ్యడం నాకు ఇష్టం లేదు. నీళ్ళు గొట్టంలోకి దిగితే లోపల్నుంచి తుప్పు పడుతుంది, పైకి కనబడదు. అందుకని గొట్టం మీద గుర్రానికి జీను వేసినట్టు ఒక పట్టీ తొడిగాను. 3 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు అల్యూమినియం. తిరగేసిన U ఆకారం, రెండు వైపులా పాదాలు. ముందు పాదం మీద, మ్యాట్‌కి వేసే బటన్ వచ్చి పట్టుకునే మేకు. వెనక పాదం సీటు కింద రేకుకి రెండు రివిట్లతో.

మ్యాట్ ముందుకి లాగితే పట్టీ వెనక కాలు గొట్టానికి వచ్చి ఆనుతుంది. లాగే బరువంతా గొట్టం మీదే. రివిట్ల పని, పట్టీ పైకి లేవకుండా చూడటం వరకే. ఒకవేళ అవి వదులైనా మ్యాట్ ముందుకి పోదు. రివిట్లు మూతి మూసిన రకం వాడాను, నీళ్ళు దిగవు. నిన్నటి దరిద్రపు బెజ్జం కూడా అలాంటి లావుపాటి రివిట్‌తోనే మూసేశాను. నిన్నటిది అంటున్నాను కానీ రెండు వారాలైంది, ఇంకా మంట తగ్గలేదు.

పట్టీని వంచడం అంత సులువు కాలేదు. మొదటిది వైస్‌లో పెట్టి సుత్తితో కొడితే వంపు దగ్గర వెంట్రుకలాంటి పగులు వచ్చింది. దీనికో పాత చిట్కా ఉంది. పట్టీ మీద ఒంటి సబ్బు రుద్ది, కింది నుంచి గ్యాస్ టార్చితో వేడి చెయ్యాలి. అల్యూమినియం వేడెక్కినా ఎర్రబడదు, ఒక్కసారిగా కరిగి కూలిపోతుంది. ఎంత వేడెక్కిందో చెప్పేది సబ్బే. మొదట పొంగుతుంది, తర్వాత తేనె రంగుకి, కాఫీ రంగుకి తిరుగుతుంది. నల్లబడగానే మంట తీసెయ్యాలి. చల్లారాక ఆ పట్టీ కొత్త తోలు బెల్టులా వంగింది. గ్యారేజీ అంతా గంధం సబ్బు వాసన. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా నా చేతులు స్నానం చేసినట్టే ఉన్నాయి.

ఇలాంటివి రెండు చేశాను. ఒక్కటే ఉంటే మ్యాట్ దాని చుట్టూ తిరుగుతుంది. రెండింటి మధ్య 220 మి.మీ. దూరం. ఉక్కు గొట్టానికీ పట్టీకీ మధ్య పలచటి రబ్బరు, బటన్ మేకుల కింద లోహాలు తినకుండా ఆపే డ్యూరలాక్ పేస్టు. రెండు రకాల లోహాలు తడిలో తగులుతూ ఉంటే అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతుంది. ఈ దేశంలో ఉప్పు, వాన రెండూ ఉచితం.

మార్చి 1, శనివారం

మ్యాట్ కత్తిరించాను. బ్రౌన్ పేపరు అచ్చు నాలుగుసార్లు మార్చాల్సి వచ్చింది. ముఖ్యమైన నిర్ణయం: యాక్సిలరేటర్ కిందికి మ్యాట్ అసలు వెళ్ళదు. కుడి ముందు మూల పెడల్‌కి 60 మి.మీ. ఇవతలే ఆగిపోతుంది. చూడ్డానికి ఎలుక కొరికినట్టుంది. మా ఆవిడ కూడా ఆ మాటే అంది. అక్కడ అందం అక్కర్లేదు.

అంచులకి నైలాన్ పట్టీ చుట్టి, వంకీ సూదితో చేత్తోనే కుట్టాను. ఇంట్లో మిషను ఈ మందానికి సూదులు విరగ్గొట్టుకుంటుంది. మడమ ఆనే చోట గీతలున్న రబ్బరు ముక్క.

బటన్ల విషయంలో మామూలు టిచ్ బటన్లు వద్దనుకున్నాను. ఏ వైపు నుంచి ఎత్తినా ఊడిపోతాయి. పాత ఓపెన్ కార్ల టాపులకి వాడే లిఫ్ట్-ద-డాట్ బటన్లు తెప్పించాను. వీటి మీద ఒక వైపు చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్క వైపు నుంచి ఎత్తితేనే వదులుతుంది, మిగతా మూడు వైపులా పట్టు. చుక్క ఏ వైపు ఉండాలన్నదే అసలు ప్రశ్న. మ్యాట్ ఉబ్బితే లేచేది బటన్‌కి ముందు వైపు. చుక్క అటు ఉంటే దానంతటదే విడిపోతుంది. కాబట్టి చుక్క వెనక్కి, సీటు వైపు. అక్కడ లేపగలిగేది నా వేళ్ళు మాత్రమే.

బటన్ పళ్ళు పొట్టివి. కార్పెట్ నూగు మీద నుంచి అవి అవతలి బిళ్ళని అందుకోలేదు. చిన్న కత్తెరతో ఆ చోట నూగుని గుండ్రంగా గొరిగేశాను, తిరుపతి వెళ్ళొచ్చినట్టు. అప్పుడు పళ్ళు దిగి, వెనక బిళ్ళలోకి వచ్చి, సుత్తితో రెండు దెబ్బలకి మడతపడ్డాయి. మేకులు పొడుగు రకం తెప్పించడం మంచిదైంది. పొట్టివైతే ఈ మందంలో టక్ మని పడేవి కావు.

మార్చి 8, శనివారం

సూట్‌కేసు కొక్కెం పరీక్ష. ముందుకి 25 కిలోలు లాగాను. అంతకంటే లాగితే ఇరుకులో నా నడుం పట్టేస్తోంది. మ్యాట్ కదల్లేదు. మధ్యలో వేళ్ళు దూర్చి పైకి ఉబ్బిస్తే ముందు వైపు లేచింది గానీ బటన్లు వదల్లేదు. వెనక నుంచి చుక్క దగ్గర పట్టి ఎత్తితే రెండూ రెండు సెకన్లలో విడిపోయాయి.

ఇంత తేలిగ్గా రావాలనే నా పట్టుదల. సెవెన్‌లో వాన పడితే నీళ్ళు లోపలికి వస్తాయా అని అడగకూడదు, ఎక్కడెక్కడి నుంచి వస్తాయని అడగాలి. మ్యాట్‌ని గమ్‌తో అంటించేస్తే కింద తడి నెలల తరబడి ఉండిపోతుంది. సాయంత్రం గార్డెన్ పైపుతో స్కటిల్ (ముందు అద్దం కింది భాగం) మీద నీళ్ళు కొట్టి చూశాను. ఐదు నిమిషాల్లో మ్యాట్ కింద చిన్న మడుగు. మ్యాట్ తీసి, నేల తుడిచి, మ్యాట్‌ని గది వెచ్చబరిచే రేడియేటర్ మీద ఆరేశాను. దానికి ఇంట్లో వేరే పంచాయితీ జరిగింది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. ఈ రోజే ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి, అందుకని పచ్చడి తినేసరికే ఆలస్యం. మధ్యాహ్నం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అదే కెనిల్‌వర్త్ రోడ్డు మీదికి వెళ్ళాను. అదే రౌండబౌట్, అదే మూడో గేర్. తొక్కి వదిలాను. మోత ఠక్కున దిగింది. మళ్ళీ తొక్కి వదిలాను. నాలుగోసారి అమ్మాయి నా వైపు చూసి, "నాన్నా, కారుకి ఏమైనా అయిందా?" అంది.

ఇంటికొచ్చి చూస్తే, మ్యాట్ బిగించిన రోజే దాని అంచు వెంట సుద్దముక్కతో గీసిన గీత అంచు పక్కనే ఉంది. ఈ నెలలో మొత్తం 140 మైళ్ళు తిరిగాక కూడా. మావయ్యకి ఫొటో పంపాను. "కుట్టు వంకర" అని జవాబు వచ్చింది.

పాసింజర్ వైపు మ్యాట్ ఇంకా కత్తిరించలేదు. అటు పెడళ్ళు లేవు కాబట్టి మిగిలిపోయిన వెల్క్రో చాలు. వచ్చే వారం ముందు స్కటిల్ దగ్గర నీళ్ళు దిగే సందు వెతకాలి. వైపర్ మోటారు కింద అని అనుమానం.